ముందు పండిన పురుగు

చిన్నకోడలి పురుగులు నాలుగో జ్వరం లేచాయన్న మాట చెవిన పడేసరికి గోవిందమ్మ సున్నం జల్లెడ పడుతోంది. చేతులు ఆగిపోయాయి.

"అప్పుడే లేసినయా?" అంది తల ఎత్తకుండానే.

"పొద్దుగాల్నే లేసినయట. కొమ్మలు పరిసిందో లేదో ఎగబడ్డయంట. మన చిన్నోడు నాగరాజు చెప్పిపోయిండు," అంది అత్త సుక్కమ్మ, గడప మీద చతికిలబడి కాళ్లు చాపుకుంటూ.

"మంచిగైంది," అంది గోవిందమ్మ. మాట నోట్లోంచి వచ్చిందే గానీ లోపల్నుంచి రాలేదు. జల్లెడ మళ్లీ ఆడించింది, ఈసారి సగం సున్నం నేలపాలయ్యేంత గట్టిగా.

పట్టుపురుగు గుడ్డులోంచి వచ్చిన దగ్గర్నుంచి గూడు కట్టేలోపల నాలుగుసార్లు తిండి మానేస్తుంది. తల పైకెత్తి, ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయి, పాత తోలు విడిచి, ఆకలితో లేస్తుంది. కోస్గి చుట్టుపక్కల పురుగులు పెంచేవాళ్లు దాన్ని జ్వరమనే అంటారు. జ్వరంలో ఉన్నంతసేపు ఆకు వెయ్యరు, పైన సున్నం చల్లి ఊరుకుంటారు. నాలుగో జ్వరం కూడా లేచిందంటే ఇక మిగిలింది కడుపునిండా తినడం, ఆపైన పండడం. ఒళ్లు పచ్చబారి, వెలుతురుకు పట్టి చూస్తే లోపలిదంతా కనబడుతూ, గూడు ఎక్కడ కట్టుకుందామా అని తల తిప్పుకుంటూ తిరిగేదాన్ని పండిన పురుగంటారు.

గోవిందమ్మ పురుగులు ఇంకా జ్వరంలోనే ఉన్నాయి. అదీ ఆమె బాధ. ఇద్దరివీ ఒక్కచోట పొదిగిన గుడ్లు. రెండో జ్వరం లేచేదాకా ఒక్క గదిలో పెరిగి, ఒక్క ఆటోలో ఊళ్లోకి వచ్చిన పురుగులు. అరుగు మీద దించి చెరిసగం పంచింది ఈ సుక్కమ్మే. మల్బరీ తోట ఇంకా ఉమ్మడిదే, బోరూ ఒక్కటే, ఆకూ ఒక్కటే. మరి అక్కడివి లేచి తింటుంటే ఇక్కడివి ఎవరో చెప్పే కథ వింటున్నట్టు తలలెత్తుకుని కూర్చోవడమేమిటి?

ఇంకో మాట కూడా ఉంది. ఇంట్లో చంద్రికలు ఒక్క వరుసే ఉన్నాయి. వెదురు తడికె మీద బద్దలు చుట్లు చుట్లుగా బిగించిన ఆ చంద్రికల్లోకే పండిన పురుగును ఎక్కిస్తారు. మామ బతికుండగా మేదరి ఐలేశంతో అల్లించినవి. అప్పుడు పెంచేది గోవిందమ్మ ఒక్కతే కాబట్టి సరిపోయాయి. చిన్నకోడలు మనీష కాపురానికి వచ్చి, తనూ పురుగులు పెట్టాక, కొట్లాటలు ఎందుకని సుక్కమ్మ ఒక కట్టుబాటు చేసింది. ఎవరి పురుగు ముందు పండితే చంద్రికలు వాళ్లవి. తొలి పండిన పురుగును చేతిలో పట్టుకొచ్చి అత్తకు చూపించాలి. అత్త చంద్రికకు పసుపు రాసి ఇస్తుంది. వెనకబడ్డవాళ్లు కందికంప పరుచుకుని దాని మీదే ఎక్కించుకోవాలి. కందికంప మీద కట్టిన గూళ్లకు చెత్త అంటుకుంటుంది, సగానికి సగం వంకరపోతాయి, కొనేవాడు చేత్తో తిరగేసి మొహం పక్కకు పెట్టుకుంటాడు.

ఇంతవరకూ ప్రతి పంటకూ ముందు పండింది గోవిందమ్మవే. ఆ కట్టుబాటు ఆమె కోసమే చేసినట్టుండేది. ఇప్పుడది ఎదురు తిరిగింది.

"నీయి ఎప్పుడు లేస్తయే?" అంది సుక్కమ్మ.

"లేసినప్పుడు లేస్తయి," అని జల్లెడ విదిలించి గోవిందమ్మ తోటకు బయల్దేరింది.

తోటకు ఈ కొసన, ఇంటి వెనక గోవిందమ్మ కొట్టం. మామ నాటి మట్టిగోడలు, పైన గూనపెంకులు. వానాకాలం రెండు చోట్ల కారుతుంది. పడమటి కిటికీ రెక్కను చెదలు తినేశాయి. ఆ కొసన గట్టు మీద మనీష కొట్టం. కొత్తది. నున్నటి సిమెంటు నేల, గోడలకు తెల్లసున్నం, పైన ధగధగలాడే రేకులు. రేకులు వేసిన రోజు పట్టుపరిశ్రమ సారు విజేందర్ దాని ముందు నాగరాజునూ మనీషనూ నిలబెట్టి ఫోటో తీశాడు. గోవిందమ్మ కూడా ఆ రోజు అక్కడే ఉంది, చేతిలో కొడవలితో. జర పక్కకు జరగమ్మా అన్నాడు సారు. ఆమె జరిగింది. జరిగిన ఆ రెండడుగులు ఆమె ఇంతవరకూ మర్చిపోలేదు.

ఇవాళ కూడా సారు బండి గట్టు మీద ఉంది. గోవిందమ్మ మల్బరీ సాళ్ల మధ్య ఆగి ఆకు చాటు నుంచి చూసింది. సారు రేకుల వైపు చెయ్యి చూపించి ఏదో చెబుతున్నాడు. మనీష కూడా తల పైకెత్తి చూసి, అవునన్నట్టు ఊపుతోంది. సారు మళ్లీ చెయ్యి చూపించాడు. రేకులనే పొగుడుతున్నాడనుకుంది గోవిందమ్మ. దూరానికి మాట వినబడదు గదా, వినబడని మాటను మనసు తనకు తోచినట్టు పూరించుకుంటుంది. కుళ్లు పట్టిన మనసైతే ఇక చెప్పనే అక్కర్లేదు.

సారు వెళ్లేదాకా ఆగి, కొడవలి అడుగుదామన్న సాకు పెట్టుకుని ఆమె గట్టెక్కింది. దారిలో వంగి మోళ్లు కూడా చూసింది. లేత చివర్లు మనీష కోసుకుని ముదురాకు తనకు వదిలేస్తోందేమోనని అనుమానం. మోళ్లన్నీ ఒకే ఎత్తులో, ఒక్క తీరుగా తెగి ఉన్నాయి. ఆ అనుమానం నిలవనందుకు ఆమెకు ఇంకా మండింది.

"రా అక్కా," అంది మనీష, గుమ్మానికి వేలాడే తడి గోనెసంచి పక్కకు తీసి. ఆ పిల్లకు ఇరవై రెండు దాటలేదు. మొహం కందిపోయి, ముక్కు కొసన చెమట బొట్టు నిలిచి ఉంది.

లోపల అరల నిండా కొమ్మలు, కొమ్మల నిండా పురుగులు. తలలు పైకీ కిందికీ ఆడిస్తూ ఆకును అంచు నుంచి కోసేస్తున్నాయి. వేల పురుగులు ఒక్కసారి ఆకు కొరికితే వచ్చే చప్పుడును ఆ ఊరి ఆడవాళ్లు పురుగులవాన అంటారు. తన కొట్టంలో లేని ఆ వాన ఇక్కడ జోరుగా కురుస్తుంటే గోవిందమ్మకు కడుపులో కల్లం తగలబడ్డట్టయింది.

పురుగుల ఇంట్లో ఒక మర్యాద ఉంది. పురుగు బాగుంది అని ఎవరూ అనరు. తనదైనా అనరు, పరాయిదైనా అనరు. దిష్టి తగులుతుందని భయం. ఎంత పుష్టిగా ఉన్నా మొహం చిన్నబుచ్చుకుని, ఏం పురుగులో తల్లీ, సన్నగైపోయినయ్ అనాలి. చూడ్డానికి వచ్చినవాళ్లూ అదే అంటారు. అలా అననివాళ్లను మళ్లీ గడప తొక్కనివ్వరు.

"ఏం పురుగులో, సన్నగనే ఉన్నయ్," అంది గోవిందమ్మ మర్యాదకు.

"నావి మంచిగ లెవ్వక్కా," అంది మనీష. "ఆగమాగం తింటున్నయ్. తింటున్నయ్ గని ఒంటికి పడ్తలేదు. నాకైతే భయమైతాంది."

ఎంత ముద్దుగా చెప్పిందమ్మా అనుకుంది గోవిందమ్మ. కడుపునిండినమ్మ త్రేన్పు దాచుకున్నట్టు. "నాయి ఇంక లెవ్వనే లెవ్వలే. నీ అదృష్టం," అంది.

"గట్ల గాదక్కా, నిజంగ..."

"నాకు ఎర్కలేదా పిల్లా? నీకంటె ముందు నుంచి సాదుతున్న పురుగులను," అని కొడవలి మాట కూడా మరిచి గోవిందమ్మ బయటికొచ్చేసింది. రేకుల కొట్టంలోంచి బయటి ఎండలోకి వచ్చినా ఒంటికి చల్లగా తగిలింది. ఆ సంగతి ఆమె ఒళ్లు గమనించింది గానీ ఆమె గమనించలేదు.

*

మర్నాడు గోవిందమ్మ పురుగులు కూడా లేచాయి. ఆకు వేసింది. తిన్నాయి. కానీ ఆ తినడం ఆమెకు నచ్చలేదు. పెళ్లిభోజనంలో పెద్దమనుషుల్లా, ఒక అంచు కొరికి, ఆగి, ఇంకో అంచు కొరికి, మళ్లీ ఆగుతున్నాయి. నిన్న ఆ కొట్టంలో చూసిన జోరేదీ? ఇలా తింటే ఆ పిల్ల పురుగులు పండి చంద్రికలెక్కి గూళ్లు కూడా కట్టేసుకుంటాయి, ఇవి ఇంకా నములుతూనే ఉంటాయి.

మధ్యాహ్నం కొమ్మల మోపు ఎత్తుకొస్తుంటే పడమటి కిటికీ దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. మనీష. రెక్క లేని ఆ కిటికీలోకి తల పెట్టి, రెండు చేతులూ మట్టిగోడకు ఆనించి, కదలకుండా లోపలికే చూస్తోంది. నీళ్లకొచ్చిన మనిషి కాదు, నిప్పుకొచ్చిన మనిషి కాదు. ఆమె మొహంలో ఉన్నదేమిటో గోవిందమ్మకు ఇట్టే తెలిసిపోయింది. అద్దంలో రోజూ చూసుకుంటున్న మొహమే గదా.

"ఏమే, ఏం జూస్తున్నవ్?"

మనీష ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. "ఏం లేదక్కా. ఊకనే..." అని గోడకు ఆనించిన అరచేతులు చెంపలకు రాసుకుంటూ వెళ్లిపోయింది.

ఊరికే అట! పరాయి పురుగులను కిటికీలోంచి దొంగచాటుగా ఊరికే ఎవరైనా చూస్తారా? మోపు కింద పడేసి గోవిందమ్మ నిమ్మకాయ, మిరపకాయలు, పాత చెప్పు తెచ్చి కిటికీకి కట్టింది. అది చాలలేదు. అటకెక్కి చలికాలపు కుంపటి దించింది.

కుంపటి కొత్తేమీ కాదు. పుష్యమాసంలో చలికి పిల్లపురుగులు తిండి మానేసి ముడుచుకుంటే కుంపటి పెట్టి గది వెచ్చగా ఉంచడం ఆమెకు తెలుసు. వెచ్చదనానికి పురుగు హుషారుగా తింటుంది, జ్వరాలు త్వరగా లేస్తుంది. కళ్లారా చూసిన సంగతే. కాకపోతే అది పుష్యమాసం, ఇది ఉగాది వెళ్లిన చైత్రం. అవి చీమంత పిల్లలు, ఇవి వేలెడంత పెద్దవి. పెద్దయ్యే కొద్దీ పురుగు చల్లదనం కోరుతుందని కూడా ఆమెకు తెలుసు. తెలిసిన సంగతుల్లో పనికొచ్చేది ఒక్కటి ఏరుకుని, మిగతావి అటక మీదే వదిలేసింది.

"ఎండకాలం కుంపటేందే? మతి గిన పోయిందా?" అన్నాడు పోచయ్య, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

"నువ్వు ఊకో. పురుగుల సంగతి నీకేం ఎర్క?"

పోచయ్య ఊరుకున్నాడు. అన్నేళ్ల కాపురంలో ఆయన బాగా నేర్చుకున్న పని అదే.

కిటికీలు మూసింది. పడమటి కిటికీకి రెక్క లేదు కాబట్టి గోనెసంచి కుక్కింది. బొగ్గులు రాజేసి కుంపటిని అరల నడుమ పెట్టింది. పొద్దు వాలేలోపే పురుగులవాన మొదలైంది. గోవిందమ్మ గోడకు ఆనుకుని కూర్చుని వింది. ఎన్నాళ్ల తర్వాతో ఆమె మొహం విప్పారింది. తినుండ్రి నా తల్లులారా, దానికంటే జల్ది తినుండ్రి అంది పైకే.

పడమటి కిటికీ దగ్గరి అరలో పురుగులు మాత్రం మాట వినలేదు. గోనెసంచి మాటిమాటికీ జారిపోయి గాలి వస్తూనే ఉంది. అవి మునుపటిలాగే ఆగి ఆగి తింటున్నాయి. మొద్దులు అని తిట్టుకుని ఆమె వాటికి ఆఖరున ఆకు వెయ్యడం మొదలుపెట్టింది.

తినే వేగం పెరిగాక ఆకు చాలకపోయింది. మల్బరీ ఆకును చల్లటి పొద్దునో సాయంత్రమో కోస్తారు. మిట్టమధ్యాహ్నం కోస్తే మోపు ఇల్లు చేరేలోపే వాడిపోతుంది. గోవిందమ్మ మిట్టమధ్యాహ్నమే కోసింది. తువ్వాలు తడిపి మోపు మీద కప్పి, చెప్పులు కాలుతున్నా పరుగెత్తుకొచ్చి పరిచింది. ఆకలి మీదున్న పురుగు ఆ వాడిన ఆకునే తింది.

రెండు మూడు రోజులు అలా గడిచాయి. ఒక పొద్దున కొమ్మలు తిరగేస్తుంటే చేతికి తడి తగిలింది. పురుగు రెట్ట మిరియాల్లా పొడిగా, గట్టిగా రాలాలి. అది మెత్తబడి వేళ్లకు అంటింది. నడి అరలో నాలుగైదు పురుగులు తలలు వేలాడేసి ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుంటే తోలు చిట్లి నల్లటి నీరు కారింది. వాసన ఆమెకు తెలిసినదే. పక్క ఊళ్లలో పంట పోయిన కొట్టాల్లో చూసింది. తన కొట్టంలో ఇంతవరకూ చూడలేదు.

చచ్చినవాటిని ఏరి సున్నం గుంటలో వేసింది. మధ్యాహ్నానికి మళ్లీ ఏరింది. కుంపటి మీద ఆమెకు అనుమానమే రాలేదా అంటే వచ్చింది. రాగానే దాన్ని అవతలికి తోసి, కిటికీలో నిలబడ్డ ఆ పిల్ల మొహాన్ని ముందుకు తెచ్చుకుంది. తన చేతి తప్పు కంటే పరాయి కంటి తప్పు మొయ్యడం తేలిక. దిష్టి కొట్టింది, ముండది, కాలబెట్టింది నా పంట అనుకుంటూ ఏడ్చింది. బొగ్గులు చల్లారుతుంటే ఏడుస్తూనే విసిరింది.

సాయంత్రం సుక్కమ్మ అరుగు మీద బియ్యం ఏరుతుంటే వెళ్లి పక్కన కూర్చుంది. "అత్తా, పురుగులు పోతున్నయ్. మంచిగ లెవ్వు," అంది.

సుక్కమ్మ రాయి ఏరి అవతల పారేసి, తల ఊపింది. "ఆఁ, గట్లనే అనాలె బిడ్డా. మంచిగున్నయని నోటితోని అనద్దు."

"గట్ల గాదత్తా, నిజంగనే..."

"నాకు ఎర్కలేదా? పో, పోయి ఆకెయ్యి."

గోవిందమ్మకు ఆ మాటలు ఎక్కడో విన్నట్టనిపించాయి. ఎక్కడో గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

*

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడంతో తోటలో బోరు ఆగింది. కొత్తది వచ్చేదాకా రెండు రోజులు పట్టొచ్చన్నారు. గోవిందమ్మకు ఇంటి హౌజులో నీళ్లున్నాయి. గట్టు మీది కొట్టానికి బోరు తప్ప దిక్కు లేదు.

ఆ మధ్యాహ్నం మనీష పరుగెత్తుకొచ్చింది. చెప్పులు లేవు. కొంగు నెత్తికి చుట్టుకుని ఉంది. గోవిందమ్మ కొట్టం గుమ్మంలో కూర్చుని చచ్చిన పురుగుల గంపను కాలితో వెనక్కి నెట్టింది.

"అక్కా, నా పురుగులు నీ కొట్టంల పెట్టుకుంట. కాళ్లు మొక్కుత. జర జాగా ఇయ్యి."

"ఏమైంది?"

"సస్తున్నయక్కా. సంచులు తడుపుదామంటే నీళ్లు లెవ్వు. రేకుల కింద నిలబడితే మనుషులమే ఉంటలేము. సారు ఆ పొద్దే చెప్పిండు, రేకుల మీద గడ్డి కప్పుండ్రి, లేకుంటే పురుగు ఎక్కువ దినాలు తట్టుకోదు అని. ఈయన రేపు కప్పుదాం, మాపు కప్పుదాం అనుకుంట ఊకున్నడు." మనీష ఊపిరి తీసుకుంది. "నీకు ఆ దినమే చెప్పిన గదక్కా, మంచిగ లెవ్వు అని. ఆగమాగం తిన్నయంటే ఆకలై తిన్నయా? ఉడుకుకు తట్టుకోలేక తొందరపడ్డయ్. ముందుగాల లేసినయ్ గని ఇంతింతే ఉన్నయ్, సిటికెన వేలంత."

గోవిందమ్మ ఆమె చిటికెన వేలినే చూస్తూ ఉండిపోయింది.

"ఓర్వలేక సచ్చిపోయినక్కా," అంది మనీష ఉన్నట్టుండి. "నీయి ఎంత నిమ్మళంగ తింటుండెనో! ఆ దినం కిటికీల నుంచి జూసిన. సల్లటి గాలి మొకానికి తాకంగనే ఏడుపొచ్చింది. మట్టిగోడ ఎంత సల్లగున్నది! నాకు ఈ కొట్టమొచ్చినా బాగుండు, ఆ రేకులు అక్కకు పోయినా బాగుండు అనుకున్న. పాపపు బుద్ధి. అడుగుదామంటే ఈయన, వదినె ఇయ్యదు, ఊకో అన్నడు."

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఇద్దరూ ఒకరి కూర కోసం ఒకరు లొట్టలేస్తూ కూర్చున్నారు, రెండు పొయ్యిల మీదా కూర మాడిపోయింది. గోవిందమ్మ ఏదో అనేలోపే మనీష ఆమెను దాటుకుని కొట్టంలోకి అడుగుపెట్టింది.

పెట్టి ఆగిపోయింది.

"ఏందక్కా గింత ఉడుకున్నది?" అంది మెల్లగా. "నా కొట్టం లెక్కనే ఉన్నది."

కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అరల నడుమ కుంపటి కణకణలాడుతోంది. దాని చుట్టుపక్కల అరలు సగానికి పైగా ఖాళీ. మనీష కుంపటిని చూసింది. ఖాళీ అరలను చూసింది. గంపను చూసింది. తర్వాత గోవిందమ్మ వైపు తిరిగింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే గోవిందమ్మ ఏదో ఒక అబద్ధం ఆడేది, ఆడడానికి సిద్ధంగా కూడా ఉంది. అడగకపోయేసరికి నోట్లోని అబద్ధం వాడిన ఆకులా అక్కడే ఉండిపోయింది.

"నీ వాటి కంటె ముందు పండాలనుకున్న," అంది చివరికి. "సంద్రికలు నీకు పోవద్దనుకున్న. అంతే."

మనీష కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి తన పురుగుల కోసమో, ఈ పురుగుల కోసమో ఆ పిల్లకే తెలియాలి. "నీళ్లు యాడున్నయక్కా?" అంది.

హౌజులోంచి బిందెతో తెచ్చి కుంపటి మీద పోసింది. బుస్సుమని ఆవిరి లేచింది. గోవిందమ్మ కిటికీలు ఒక్కొక్కటీ తీసింది. పడమటి కిటికీకి కట్టిన నిమ్మకాయనూ మిరపకాయలనూ చెప్పునూ తెంపి బయటికి విసిరింది. గోనెసంచులు తడిపి కట్టారు. నేల తడిపారు. మట్టిగోడలు తాగిన వేడిని విడవడానికి కొంతసేపు పట్టింది గానీ, పొద్దు గూకేలోపు పెంకుల సందుల్లోంచి గాలి ఆడడం మొదలైంది.

మొద్దులని తిట్టుకున్న ఆ పడమటి అరలో ఒక్క పురుగు కూడా చావలేదు. తెల్లగా, బలంగా, వేలి కంటే లావుగా ఉన్నాయి. మనీష వాటి ముందు కూర్చుని చాలాసేపు చూసింది. మర్యాదకైనా ఏం పురుగులో అనలేదు. గోవిందమ్మ కూడా అనమని అనలేదు.

నాగరాజూ పోచయ్యా గట్టు మీది నుంచి పురుగులను కొమ్మలతో సహా తట్టల్లో మోసుకొచ్చారు. చచ్చినవి అక్కడే వదిలేసి, బతికున్నవాటిని తెస్తే సగం కూడా లేవు. గోవిందమ్మ పురుగులు చచ్చి ఖాళీ అయిన అరల్లోనే అవి పట్టాయి. అవి చావకపోతే వీటికి చోటు ఉండేది కాదు. ఆ లెక్క గోవిందమ్మ మనసులో ఒకసారి తిరిగింది. ఎటు తిప్పి చూసినా అందులో తనకు మెచ్చుకోలు ఏమీ దొరకలేదు.

*

ఇటు పక్క అరలు గోవిందమ్మవి, అటు పక్కవి మనీషవి. నడుమ జానెడు సందు. చల్లటి పొద్దున కోసిన ఆకు, తడి గోనెసంచుల గాలి. కొన ఊపిరితో వచ్చిన పురుగులు కొన్ని పోయాయి, చాలావరకు తేరుకున్నాయి. యారాండ్లిద్దరూ వంతులేసుకుని ఆకు పరిచారు. మాటలు తక్కువే. గోవిందమ్మ కుళ్లు పోయిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అటు అరలో వాన జోరు పెరిగినప్పుడల్లా ఆమె చెవి అటే తిరిగేది. తన చేత్తో వేసిన ఆకే అయినా, వాళ్ల పురుగులు తింటుంటే గుండెలో చిన్న ముల్లు కదిలేది. దాన్ని కుంపటిలా రాజెయ్యకుండా ఊరుకోవడం ఒక్కటే ఆమె నేర్చుకున్నది.

బోరు మళ్లీ ఆడిన రోజు మనీష కొమ్మలకని తోటలోకి వెళ్లింది. గోవిందమ్మ ఒక్కతే కొట్టంలో రెట్ట తీస్తోంది. అటు పక్క అరలో, అంచు కొమ్మ మీద, ఒక పురుగు తల పైకెత్తి గాలిలో అటూ ఇటూ తిప్పుతోంది. ఆకు దాని ముందే ఉంది, ముట్టడం లేదు. గోవిందమ్మ దాన్ని మెల్లగా వేళ్లతో ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టింది. లేత పసుపు రంగు. మెడ దగ్గర్నుంచి తోక దాకా వెలుతురు సాగింది.

పండింది.

కొట్టంలో ఎవరూ లేరు. తన అర జానెడు దూరంలో ఉంది. ఒకే గుడ్ల పురుగులు, గుర్తు పట్టేవాళ్లెవరు? ఇటు పెడితే ఇటుది, అటు పెడితే అటుది. ఇటు పెట్టి అత్తను పిలిస్తే చాలు, పసుపు రాసిన చంద్రిక తన చేతికే వస్తుంది. ఈ ఇంటి పెద్దకోడలు మళ్లీ పెద్దకోడలవుతుంది. గోవిందమ్మ అరచేతిలో పురుగుతో నిలబడింది. చెయ్యి తన అర వైపు కొద్దిగా కదిలింది కూడా. ఆగింది. ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకే తెలియలేదు.

బయట కొమ్మల మోపు దబ్బుమని పడిన చప్పుడైంది.

"మనీషా!" అని పిలిచింది గోవిందమ్మ. మళ్లీ పిలిచింది. "ఇటు రా. నీది పండింది."

ఆకు పసరు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ మనీష వచ్చి అరచెయ్యి చాపింది. గోవిందమ్మ పురుగును అందించింది. పురుగు ఆ చేతిలోకి వెళ్లింది గానీ పూర్తిగా వెళ్లలేదు. గోవిందమ్మ బొటనవేలి నుంచి మనీష అరచేతి దాకా సన్నటి పోగు ఒకటి సాగి మెరిసింది. పండిన పురుగు ఎక్కడ ఆగితే అక్కడే పట్టు మొదలుపెడుతుంది. ఆగగానే పెట్టదు. కొంతసేపు చూసి, ఇదే తన చోటని నమ్మాక పెడుతుంది. పురుగులు పెంచే ఆడదానికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

మనీష పోగును చూసింది. గోవిందమ్మ బొటనవేలి చుట్టూ అది అప్పటికే నాలుగైదు వరుసలు తిరిగి ఉంది.

"ఇంతసేపు పట్టుకున్నవా అక్కా?"

"పట్టుకున్న," అంది గోవిందమ్మ.

మనీష పోగును గోరుతో తుంచింది.

పిలుపు విని సుక్కమ్మ పసుపు గిన్నెతో వచ్చింది. పండిన పురుగును చూసి, అలవాటు ప్రకారం మొహం చిన్నబుచ్చుకుంది. "ఏం పురుగులో తల్లీ," అనబోయి, అటు అరలూ ఇటు అరలూ తేరిపార చూసింది. చూపు ఇక్కడి నుంచి అక్కడికీ, అక్కడి నుంచి ఇక్కడికీ నడిచింది. ఆ మాట మధ్యలోనే వదిలేసింది.

"రెండిండ్లయి కలిపినా ఒక్క వరుస సంద్రికలు నిండేటట్టు లెవ్వు," అంది. "ఇద్దరు కలిసి ఎక్కియ్యుండ్రి."

గోవిందమ్మ అటకెక్కి చంద్రికలు దించింది. దుమ్ము దులిపి మొదటిదాన్ని మనీష అరకు ఆనించి నిలబెట్టింది.